తడవని గుడ్డ

ధర్మవరంలో పట్టుచీరల అంగడిలో పనిచేసేవాళ్ళం చేతికి నూనె తగలనిచ్చేవాళ్ళం కాదు. పొద్దున తలకు ఇంత నూనె రాసుకున్నా, అరచేతులను సీకాయపొడితో రుద్ది కడిగి, పొడిగుడ్డతో తుడుచుకున్నాకే పరుపుమీద కూర్చోవాలి. పెళ్ళిచీర మడత విప్పి చూపేటప్పుడు ఒక్క వేలిముద్ర జిడ్డుగా పడినా చీర పాడైనట్టే. మా సావుకారు కొత్తగా చేరినవాళ్ళకు మొదట నేర్పేది చీర మడత కాదు, చేతులు కడుక్కోవడం. నాకు మాత్రం ఆయన ఏమీ నేర్పనక్కరలేకపోయింది. "వీడు పుట్టుకతోనే పట్టుకు పనికొచ్చే మనిషి" అని నలుగురిలో మెచ్చుకున్నాడు. ఆ మెప్పును చాలా ఏళ్ళు మెడలో పతకంలా వేసుకుని తిరిగాను.

నిజానికి అది శుభ్రం కాదు, అసహ్యం. చిన్నప్పటినుంచీ నాకు అది ఎక్కువ. అరవైలలో పెనుకొండలో మా ఇంటి పక్కన చంటిబిడ్డ ఉంటే, ఆ వాసన తలచుకుని అన్నం ముద్ద దిగక కంచం ముందునుంచి లేచిపోయేవాణ్ణి. మా అమ్మ దాన్ని కూడా గొప్పగానే చెప్పుకునేది. "మావానికి ముందు ముక్కు పుట్టి, ఆ ఎనక వాడు పుట్టినాడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. వాళ్ళూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

పెళ్ళయ్యాక ధర్మవరంలోనే ఒక చిన్న పోర్షన్‌లో కాపురం పెట్టాం. పాప పుట్టింది. మా వైపు చంటిబిడ్డకు ఒంటినిండా ఆముదం పట్టించి నలుగు పెడతారు. నడినెత్తిన మెత్తగా ఉండే చోటును మాడు అంటాం. అక్కడ అరచేతిలో ఇంత ఆముదం పోసి అద్దుతారు. దాంతో బిడ్డ ఎప్పుడూ జిడ్డుగానే ఉంటుంది. "చేతికి నూనె అంటితే అంగట్లో కష్టం" అని నేను బిడ్డను ఎత్తుకునేవాణ్ణి కాదు. అంగడికి సెలవు ఉన్న రోజు కూడా ఎత్తుకోలేదు. నా భార్య మొదట్లో బిడ్డను నా వైపు చాచేది. కొన్నాళ్ళకు చాచడం మానేసింది. పక్క పోర్షన్ ఆవిడ మాత్రం ఊరుకోలేదు.

"ఏమప్పా, బిడ్డ నీదేనా, లేకుంటే బాడిగకు తెచ్చుకున్నారా?" అంది ఒకసారి బావి దగ్గర.

"మా ఆయన చేతులు చీరలకి రాసిచ్చేసినాడక్కా" అంది నా భార్య బిందె ఎత్తుకుంటూ. ఇద్దరూ నవ్వారు. నేను ముఖం తిప్పుకుని ఇంట్లోకి వెళ్ళాను. ఆ నవ్వులో నన్ను అడిగిన ప్రశ్న ఒకటుందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు ఆడవాళ్ళ ఎకసెక్కం అనుకున్నాను.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం. పాప అప్పటికి పడుతూ లేస్తూ కూర్చోవడం నేర్చుకుంటోంది. హిందూపురంలో ఒక పెళ్ళివారికి చేర్చమని సావుకారు చీరల మూట నాకు అప్పజెప్పాడు. నా భార్య పుట్టిల్లు కూడా హిందూపురమే కాబట్టి ఆమెనూ పాపనూ వెంట తీసుకుని, దారిలో పెనుకొండలో మా అమ్మ దగ్గర దిగి వెళ్దామనుకున్నాను. ముందురోజు సాయంత్రం నుంచి పాపకు బేదులు పట్టుకున్నాయి. పళ్ళొచ్చేటప్పుడు అంతేలే అన్నారు ఇరుగుపొరుగు. పొద్దున నా భార్య వెనుకవైపు బండమీద గుడ్డలు ఉతుకుతూ అంది.

"ఈ పొద్దు వద్దులే. బిడ్డకు తగ్గినాక పోదాం."

"పెండ్లి వాళ్ళు మన బిడ్డకు తగ్గేదాకా కాసుకోనుంటారా?" అన్నాను. ఆమె పక్కన పడివున్న గుడ్డల కుప్ప చూసి ముక్కు మూసుకున్నాను. అక్కడ నిలబడలేక మాట తెంచేసి వచ్చాను.

బస్సు కిక్కిరిసిపోయి ఉంది. డీజిలు వాసన, బీడీ పొగ, ఎవరో వాంతి చేసుకుంటే పైన చల్లిన మట్టి. నా భార్య కిటికీ పక్కన బిడ్డతో కూర్చుంది. నేను పక్కన, ఒళ్ళో తెల్లగుడ్డలో చుట్టిన చీరల మూట, ముక్కుకు చేతిగుడ్డ. ఊరు దాటక ముందే పాపకు మళ్ళీ బేది అయింది. నా భార్య గుడ్డ మార్చింది, సీసాలో తెచ్చిన నీళ్ళు పట్టించింది. బిడ్డ ఆ నీళ్ళు ఎలా తాగిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. రెండు చేతులతో సీసా పట్టుకుని, మధ్యలో ఊపిరి కోసం ఆగి, మళ్ళీ దానిమీద పడి తాగింది. తాగిన కాసేపటికే నీళ్ళలా పోయింది. చిందిన చుక్కలు మూట అంచుమీద పడ్డాయి. లోపల చీరలకు తగలలేదు. పైన చుట్టిన గుడ్డకు తగిలింది, అంతే.

"ఇంక నీళ్ళు తాపొద్దు" అన్నాను. "తాపేకొద్దీ పోతాండాది."

"నోరు ఎండిపోతాండాది. పొద్దుననుంచి ఉచ్చ గూడ..."

"ఛీ. బస్సులో అందరూ ఇంటాండారు, ఆ మాటలేంది?"

వెనుక సీట్లో ఒక పెద్దావిడ ముందుకు వంగింది. "ఆయప్ప చెప్పింది నిజమేమ్మా. నీళ్ళు, పాలు ఆపితే కడుపు గట్టిపడతాది. మా బిడ్డలందరికీ అట్లే చేస్తిమి."

అందరికీ అన్నదే గాని, వాళ్ళలో ఎంతమంది బతికారో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. నాకు కావలసిన మాట దొరికింది. అప్పట్లో మా వైపు దాదాపు ప్రతి ఇంట్లో అదే నమ్మకం. పైనుంచి పోయకపోతే కిందనుంచి పోదని. బానకు అడుగున చిల్లి పడితే నీళ్ళు పోయడం ఆపుతాం కదా, అలా. బిడ్డ బాన కాదని, పోయినదాన్ని మళ్ళీ పోయకపోతే లోపల ఏమీ మిగలదని ఎవరికీ తోచేది కాదు. ఆ నమ్మకంతో ఆపినవాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళు బిడ్డ బాగుపడాలని ఆపారు. నేను మూట తడవకూడదని ఆపాను. నమ్మకం నాకు గొడుగులా దొరికింది, కిందకు దూరాను.

"పాలన్నా ఇస్తా" అంది నా భార్య.

"పాలు గూడ వద్దు. పెనుకొండలో దిగినాక సూద్దాం."

సీసా ఆమె చేతిలోంచి తీసుకుని, మూత బిగించి, సంచిలో అడుగుకు తోశాను. పాప కళ్ళు సీసా వెంట సంచి దాకా వెళ్ళాయి. చేయి చాచింది. ఏడ్చింది. కొంతసేపటికి ఆ ఏడుపు పిల్లి కూతలా సన్నగా అయింది.

"ఏడుస్తాందే గాని కండ్లలో నీళ్ళు రావడంల్యా. ఇదో, ఒకసారి సూడు" అంది నా భార్య.

నేను చూడలేదు. రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

పెనుకొండలో మా అమ్మ ఇల్లు బస్సు ఆగే చోటికి దగ్గరే. గడపలోనే అమ్మ పాపను చూసి చేతులు చాచింది.

"అయ్యో నా తల్లీ! ఏమప్పా, బిడ్డ కండ్లు అట్ల గుంతలు పడినాయి?" అని తలమీద చేయిపెట్టి చూసింది. "మాడు పడిండాది. అందుకే ఈ బేదులు."

చంటిబిడ్డ మాడు లోపలికి దిగితే దాన్నే రోగం అనుకునేవాళ్ళు మావాళ్ళు. ఒంట్లో నీళ్ళు అయిపోయినందువల్ల అది దిగిందని కాకుండా, అది దిగినందువల్ల కడుపు చెడిందని. కాబట్టి దాన్ని పైకి ఎత్తాలి. ఆ వీధిలో బిడ్డలకు మాడు ఎత్తేది అమ్మే. అమ్మ బొటనవేలికి ఉప్పు అద్దుకుని పాప నోట్లో పెట్టి అంగిలిని పైకి నొక్కింది. బిడ్డ ఓకరించింది. పసరు, ఆముదం కలిపి నడినెత్తిన దట్టంగా పట్టు వేసింది. ఆ ఓకరింపు, ఆ ఆకుపసరు వాసన, వేలినుంచి జారే చొంగ భరించలేక నేను పెరట్లోకి వెళ్ళాను. అక్కడ కుండలో చల్లటి నీళ్ళు ఉన్నాయి. చెంబు ముంచి గటగటా తాగాను. సగం తాగాక తల తిప్పితే, వాకిలిలోంచి పాప నన్నే చూస్తోంది. నన్ను కాదు, చెంబును. మిగిలిన సగం కూడా తాగి చెంబు బోర్లించాను.

ఈ ఒక్క సంగతి రాయడానికే చాలా ఏళ్ళు పట్టింది. దొడ్డిగుడ్డలు చూసి ముక్కు మూసుకున్న నాకు, ఆ చెంబు గుర్తొస్తే మూసుకోవడానికి ఏమీ దొరకదు.

లోపలికి వచ్చేసరికి అమ్మ అడుగుతోంది. "నీళ్ళేమన్నా తాపినారా?"

"ల్యా, బస్సులోనే ఆపేసినాం" అన్నాను.

"ఆఁ. మాడు ఎత్తినాము గదా, రొంతసేపు కానీ, ఆ ఎనక తాపుదాం" అంది. బిడ్డకు బాగాలేదని అమ్మ కూడా మాతో బయలుదేరింది.

హిందూపురం బస్సులో పాప ఏడవలేదు. తడపలేదు. నా భార్య ఒకటికి రెండుసార్లు గుడ్డ తడిమి చూసింది, పొడిగానే ఉంది.

"సూస్తిరా, ఆగిపోయినాయి" అన్నాను. నాకు నిజంగా సంతోషమైంది. నా మాట గెలిచిందన్న సంతోషం. వాసన లేదన్న సంతోషం. రాత్రి నిద్రలేక నా భార్యకు తల వాలిపోతోంది. అమ్మ ముందు సీట్లో కూర్చుంది. నేను మూటను భుజానికి తగిలించుకుని, పాపను నా ఒళ్ళోకి తీసుకున్నాను. పుట్టినప్పటినుంచి నా అంతట నేను బిడ్డను అడిగి తీసుకున్నది అదే మొదలు. పొడిగా ఉంది కాబట్టి తీసుకున్నాను. అంతకంటే వేరే కారణం ఉందని చెప్పుకోలేను.

తల నా అరచేతిలో పడింది. ఆరిన పసరు పట్టు కింద, నడినెత్తిన, నా బొటనవేలు గుంటలోకి దిగింది. చిన్న గిన్నెలాంటి గుంట. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గాని నన్ను చూడడంలేదు. పెదవులు అట్టకట్టి ఉన్నాయి. చొక్కా పైకి జరిగితే పొట్టమీద చర్మం ముడతగా కనిపించింది. సర్దుదామని రెండు వేళ్ళతో పట్టి వదిలాను. అది వదిలినచోటే నిలబడింది. చీరకు మడత ఎలా నిలుస్తుందో నాకు తెలుసు. రోజంతా నేను చేసే పని అదే. ఒంటి చర్మం అలా నిలవకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. అయినా ఇంకోసారి పట్టి వదిలి చూశాను, మళ్ళీ అలాగే నిలబడింది.

"బిడ్డ ఉచ్చ ఎప్పుడు పోసింది?" అని అడిగాను నా భార్యను కుదిపి.

ఆమె ఉలిక్కిపడి లేచింది. "తెల్లారుజామున. పొద్దున బస్సులోనే నీకు చెప్పబోతి. ఛీ అంటివి."

ఆ తర్వాత ఆమె పాప ముఖం చూసింది. ఆమె నోట్లోంచి వచ్చిన శబ్దానికి డ్రైవరు వెనక్కి తిరిగాడు.

హిందూపురంలో బస్సు దిగి జట్కా ఎక్కాం. పుట్టింటికి కాదు, ఒక డాక్టరమ్మ నడిపే చిన్న ఆస్పత్రికి. డాక్టరమ్మ బిడ్డను బల్లమీద పడుకోబెట్టి, మాడుమీది పసరు దూదితో తుడిచింది. పొట్ట చర్మం పట్టి వదిలింది, నేను చేసినట్టే. నాడి చూసింది. చేతుల్లో నరం దొరకలేదు. తల ఒక పక్క గొరిగి అక్కడ సూది గుచ్చారు. సెలైన్ చుక్కలు పడడం మొదలైంది. అప్పుడు మావైపు తిరిగింది.

"ఎప్పటినుంచి ఏమీ తాగలేదు?"

"పొద్దుననుంచి" అంది నా భార్య.

"నీళ్ళు ఎందుకు ఇవ్వలేదు? పాలెందుకు ఇవ్వలేదు? ఎవరు ఆపమన్నారు?"

నా భార్య నావైపు చూసింది. తాను చెప్పలేదు, నేను చెప్పడానికి చోటు వదిలింది. డాక్టరమ్మ కళ్ళు కూడా నామీదే ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చదువుకున్నవాడిలా నిలబడి ఉన్నాను. భుజాన మూట ఇంకా వేలాడుతూనే ఉంది.

"పెద్దోళ్ళు, మేడం. వాళ్ళ పాతపద్ధతులు" అన్నాను.

గోడకు ఆనుకుని నిలబడిన అమ్మవైపు డాక్టరమ్మ తిరిగింది. "ఏమమ్మా, మనమరాల్ని చంపుదామనుకున్నావా? ఆ పసరేంది, ఆ మాడు ఎత్తేదేంది? మాడు దిగిందంటే ఒంట్లో నీళ్ళు లేవని బిడ్డ చెప్తాండాదమ్మా. నీళ్ళు అడుగుతాంటే నోట్లో వేలు పెడతావా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు తెలీకపాయ తల్లీ. నేనే తప్పు జేస్తి" అంది. బస్సులో నీళ్ళు ఆగిపోయాక గాని తను బిడ్డను చూడలేదన్న మాట ఆమె అనలేదు. అనాలని తోచి ఉండదు. వేలు పెట్టింది తనే కాబట్టి మొత్తం తప్పు తనదే అనుకుంది. నేను మూటను ఇంకో భుజానికి మార్చుకున్నాను.

సెలైన్ కొంత ఎక్కాక బిడ్డ కళ్ళు కదిలాయి. డాక్టరమ్మ ఒక పొట్లం చించి నీళ్ళలో కలిపి, చెంచా నా భార్య చేతికిచ్చింది. ఒకేసారి పోయొద్దు, చెంచా చెంచా ఇవ్వండి, వాంతి చేసుకుంటే కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి, తల్లిపాలు మాత్రం అసలు ఆపొద్దు అంది. పొట్లం లేకపోతే ఇంట్లో ఏం చేయాలని నా భార్య అడిగింది. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు చదునుగా ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. "కలిపినాక నువ్వు రుచి చూడు. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలుపు" అంది. ఏడుస్తే కన్నీళ్ళు రాకపోయినా, నోరు ఎండినా, గుడ్డ చాలాసేపు తడవకపోయినా, బిడ్డ మబ్బుగా పడుకున్నా ఒక్క క్షణం ఆగకుండా తీసుకురమ్మంది. "బేదులకు బిడ్డలు చావరమ్మా. ఎండిపోయి చస్తారు."

ఆ తర్వాత మేము ముగ్గురం ఒక గుడ్డను చూస్తూ కూర్చున్నాం. అది తడిస్తే గండం గడిచినట్టని చెప్పి వెళ్ళిందామె. మరుసటి పొద్దు ఎండెక్కాక తడిసింది. నా భార్య ఆ గుడ్డను తీసి పైకెత్తి చూపించింది, నాకు కాదు, అమ్మకు. అమ్మ దండం పెట్టింది. నేను చేయి చాచాను గుడ్డ ఉతుకుతానని.

"వద్దులే" అంది నా భార్య. "నీ చేతులకు కంపు అంటుకుంటాది."

బతికింది కాబట్టి అందరూ నన్ను పొగిడారు. మామగారు నలుగురిలో చెప్పాడు, అల్లుడే కనిపెట్టినాడు, నేరుగా ఆస్పత్రికి తీసుకపోయినాడు అని. మూట ఒక రోజు ఆలస్యంగా చేర్చినా, అంగడిలో సావుకారు కూడా మెచ్చుకున్నాడు. అవి విని తలదించుకున్నాను. దాన్ని వినయం అనుకున్నారు. అనుకోనిచ్చాను.

కాని అమ్మ మారిపోయింది. పెనుకొండ వెళ్ళినప్పుడల్లా పాప "అవ్వా" అంటూ పరుగెత్తుతుంది. అమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటుంది. "నా చేతులు మంచివిగావులే తల్లీ. అమ్మ దగ్గరికి పో" అంటుంది. దూరం నుంచే అడుగుతుంది, బిడ్డ నీళ్ళు తాగిందా అని. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. వీధిలో ఎవరైనా చంటిబిడ్డను చూపించడానికి వస్తే, తనకేమీ తెలియదని ఆస్పత్రికి పంపించేసేది. అది మంచికే జరిగింది. కాని ఆమె మనవరాలిని ముట్టుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను. వెళ్ళిన ప్రతిసారీ ఈసారి చెబుదాం అనుకోవడం, బస్సెక్కి తిరిగి వచ్చేయడం. అబద్ధం చెప్పడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. అది ఆమె ఒంట్లో ఏళ్ళ తరబడి బతికింది. దొడ్డిగుడ్డను అప్పటికప్పుడు ఉతకవచ్చు. ఇది అలా పోలేదు, నేనూ ఉతకలేదు.

పాప బడికి వెళ్ళే వయసు వచ్చాక ఒక సెలవుల్లో పెనుకొండలో ఉన్నాం. పాప మెట్టుమీద తట్టుకుని బోర్లాపడింది. మోకాలు చెక్కుకుపోయింది. పక్కనే ఉన్న అమ్మ చేయి చాచబోయి, సగంలో ఆపుకుని, "ఇదో, బిడ్డ పడింది, ఎవురన్నా రాండి" అని కేకపెట్టింది. బిడ్డ కాళ్ళ దగ్గర ఏడుస్తుంటే తను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

నా భార్య పరుగెత్తి రాలేదు. గడప దగ్గర నిలబడి, "అత్తా, ఆ పొద్దు నీళ్ళు ఆపింది నువ్వు గాదు" అంది.

"నన్ను ఓదార్చొద్దులేమ్మా. నా ఏలితో నేనే..."

"నీ కాడికి రాకముందే బస్సులో ఆపినారు. ఆపేసినామని నీకు చెప్పినారు గాని, నేను తాపుతాంటే సీసా గుంజుకోని సంచిలో ఏసిన మాట చెప్పల్యా. మీ కొడుకునే అడుగు."

అమ్మ నావైపు తిరిగింది. "ఏమప్పా? నిజమేనా?"

ఇంకోసారి ఎవరిమీదికో తోయడానికి చుట్టూ ఎవరూ లేరు. ఉన్నా తోసేవాణ్ణి కాదని గట్టిగా చెప్పలేను.

"నిజమేమా" అన్నాను. "మూట తడుస్తాదని ఆపినా. ఆస్పత్రిలో ఆ తప్పు నీ మీదికి తోసినా."

అమ్మ నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది, చెడిపోయిన కూర వాసన చూసినట్టు ముఖం పెట్టి. నేను జీవితమంతా ఎన్నో వస్తువుల్ని, ఎంతోమంది మనుషుల్ని చూసిన చూపు అది. తర్వాత తల తిప్పేసుకుని, వంగి, మోకాలు నెత్తురు కారుతున్న పాపను రెండు చేతులా ఎత్తుకుంది. పాప అప్పటికి ఎత్తుకునే వయసు దాటిపోయింది. కాళ్ళు అమ్మ మోకాళ్ళ కిందదాకా వేలాడుతున్నాయి. బరువుకు అమ్మ ఒకసారి తూలింది. పట్టుకోబోయాను.

"పక్కకు జరుగు" అంది.

జరిగాను. బిడ్డను మోసుకుంటూ ఆమె పెరట్లో నీళ్ళకుండ దగ్గరికి వెళ్ళింది.